బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు, ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బాపుకు 67 ఏళ్లు. మూత్రం ఇబ్బందని హన్మకొండలో చూపిస్తే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) 14 వచ్చింది. బయాప్సీలో క్యాన్సర్ తేలింది, గ్లీసన్ (క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే లెక్క) 3+4=7. డాక్టరు ఇంకా ఎంఆర్‌ఐ, పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడికి పాకిందో చూపేది) రాశారు. వారం నుంచి మీరు రాత్రిళ్లు యూట్యూబ్ చూస్తున్నారు. ఒకాయన వెంటనే ఆపరేషన్ అంటాడు, ఇంకొకాయన రేడియేషనే మేలంటాడు, మూడో ఆయన అసలు ముట్టుకోవద్దంటాడు. మీ మేనమామ లక్ష్మణ ఫలం తెప్పిస్తానంటున్నాడు. ఏది నమ్మాలి?

నేను యూరాలజిస్టును, వరంగల్‌లో చాలా ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ములుగు, భూపాలపల్లి, నర్సంపేట, జనగామ వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఇదే అడుగుతుంటాయి. కొందరు నోరు తెరిచి అడుగుతారు, ఎక్కువమంది ఫోన్‌లో వీడియో పెట్టి చూపిస్తారు.

సూటిగా చెప్తాను. ముందు బయట వెతకడం ఆపి, బాపు ఫైలు చదవండి. ఆయన జబ్బు ఏ రకం, ఎంతవరకు వచ్చింది అన్నది ఒక తెల్లకాగితం మీద నాలుగైదు లైన్లలో రాయగలిగాక, రెండు మూడు మంచి చోట్ల మాత్రమే చదవండి. ఆ కాగితం పట్టుకునే డాక్టర్లను అడగండి. నెట్‌లో ఉన్నదంతా అబద్ధమేం కాదు. చాలావరకు నిజమే, కాకపోతే వేరేవాళ్ల క్యాన్సర్ గురించిన నిజం. నా ఓపీలో కుటుంబాలను ఎక్కువగా తప్పుదారి పట్టించేది అదే.

తొందర గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే భయంలో చదివితే ఏదీ బుర్రకెక్కదు. బాపు లెక్కల్లాంటి జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. కొన్ని వారాలు ఆలోచించుకుంటే నష్టం జరగదు. బయాప్సీ అయ్యాక ప్రోస్టేట్ గ్రంథిలో రక్తం పేరుకుని ఎంఆర్‌ఐ మసకగా వస్తుంది కాబట్టి చాలాసార్లు మేమే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటాం. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన "మేడారం పోయి తల్లులకు బంగారం అప్పజెప్పొచ్చినంకనే ఏదైనా" అన్నాడు. కొడుకు తల పట్టుకున్నాడు. నేను పోయి రమ్మన్నాను. జాతర అయ్యాక నింపాదిగా చికిత్స మొదలుపెట్టాం.

ఇక ఫైలు. అందులో చూడాల్సినవి ఇవి.

పీఎస్‌ఏ. ఒక్క అంకె కాదు, తేదీలతో సహా ఇప్పటిదాకా వచ్చినవన్నీ రాయండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడో, పైపు వేసినప్పుడో తీసిందైతే పక్కనే ఆ మాట రాయండి, అప్పుడు పీఎస్‌ఏ ఉత్తుత్తిగానే పెరుగుతుంది. దీనికి తిరగేసింది ఇంకోటి ఉంది, చాలామంది చెప్పడం మర్చిపోతారు. ప్రోస్టేట్ వాపు తగ్గడానికి ఫినాస్టెరైడ్ లేదా డ్యూటాస్టెరైడ్ ఉన్న మాత్ర నెలల తరబడి వాడుతుంటే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అలాంటి మనిషికి 7 వచ్చిందంటే అసలు లెక్క 14 కింద చూడాలి. మాత్రల అట్ట తీసుకొచ్చి చూపించండి, "చిన్న తెల్ల గోలీ" అంటే మాకు అర్థం కాదు.

బయాప్సీ రిపోర్టు. అసలు సమాచారం అంతా ఈ ఒకటి రెండు పేజీల్లోనే ఉంటుంది, కానీ అందరూ కింద రాసిన చివరి లైను మాత్రం చదివి పక్కన పెడతారు. సూదితో సాధారణంగా పన్నెండు ముక్కలు తీస్తారు. కుడి, ఎడమ, పైభాగం, మధ్య, కొన అని విడివిడిగా రాసి ఉంటుంది. ఎన్ని ముక్కల్లో క్యాన్సర్ ఉంది, ఒక్కో ముక్కలో ఎంత శాతం ఉంది అన్నది చూడండి. పన్నెండింట్లో రెండింట్లో పది శాతం ఉండటం వేరు, తొమ్మిదింట్లో డెబ్బై శాతం ఉండటం వేరు. గ్లీసన్ రెంటికీ ఒకటే రావచ్చు.

ఆ గ్లీసన్‌లో కూడా వరస ముఖ్యం. మొదటి అంకె ఎక్కువ భాగంలో కనిపించిన రకం, రెండోది దాని తర్వాతది. 3+4 అయినా, 4+3 అయినా కూడితే ఏడే. కానీ గ్రేడ్ గ్రూప్ అని ఒకటి నుంచి అయిదు మెట్ల లెక్క ఒకటుంది, అందులో మొదటిది గ్రేడ్ గ్రూప్ 2, రెండోది గ్రేడ్ గ్రూప్ 3. రెండోది కాస్త మొండిది. మీరు రాసినట్టు 3+4 అని రిపోర్టులో నిజంగా అదే వరసలో ఉందా, ఎవరో ఫోన్‌లో చదివి చెప్పిందా? కాగితం మీద చూసి ఖాయం చేసుకోండి. ఇంకో సంగతి, ఇప్పుడు బయాప్సీలో క్యాన్సర్ అని రాస్తే గ్లీసన్ 6 నుంచే మొదలవుతుంది. పదిలో ఆరు అనగానే సగం దాటిపోయిందని ఏడ్చినవాళ్లను చూశాను. నిజానికి ఆరు అన్నది అన్నింటికంటే కింది మెట్టు.

ఎంతవరకు పాకింది. టీ, ఎన్, ఎం అని మూడు అక్షరాల పక్కన అంకెలుంటాయి. గ్రంథిలోనే ఉందా, తొడుగు దాటిందా, గ్రంథి చుట్టూ లింఫ్ గడ్డలకు వెళ్లిందా, ఎముకలకు వెళ్లిందా అన్నది అవే చెప్తాయి. మీకు ఇది ఇంకా తెలియదు. స్కాన్లు రాసింది దీని కోసమే. అవి రాకుండానే "ఏ ట్రీట్‌మెంట్ మంచిది" అని వెతకడం దండగ, మీరు ఆగాల్సింది అక్కడే.

వీటికి తోడు బాపు సంగతి: షుగరు, గుండె, కిడ్నీ, ఇంతకుముందు పొట్ట మీద ఆపరేషన్లు, రోజూ పొలం పోయొస్తారా, నాలుగడుగులేస్తే ఆయాసమా. ఇది ఏ వెబ్‌సైటులోనూ దొరకదు, చికిత్సను సగం నిర్ణయించేది మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ కాగితంతో మీరు చూసిన వీడియోల్ని జల్లెడ పడదాం. "ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఏమీ చేయకపోయినా పదిహేనేళ్లు బతుకుతారు, విదేశీ పరిశోధనే చెప్పింది" అనే వీడియో మీరు చూసే ఉంటారు. ఆ పరిశోధన ఉన్నమాట నిజం. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పేరుతో జరిగింది. 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 1,643 మందిని మూడు గుంపులు చేశారు: ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్, ఇంకో గుంపును పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మొత్తం మీద 2.7 శాతం, మూడు గుంపుల్లోనూ పెద్ద తేడా లేదు. వీడియో ఇక్కడితో ఆగిపోతుంది.

ఆగకూడదు. కనిపెట్టుకుని ఉన్న గుంపులో 9.4 శాతం మందికి జబ్బు వేరే చోట్లకు పాకింది. ఆపరేషన్ గుంపులో 4.7, రేడియేషన్ గుంపులో 5 శాతం. అంటే దాదాపు రెట్టింపు. పైగా ఆ గుంపులో ఏమీ చేయించుకోకుండా ఉన్నవాళ్లు తక్కువ, ఆ పదిహేనేళ్లలో 61 శాతం మంది ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. అన్నింటికంటే ముఖ్యం, అందులో చేరినవాళ్లలో ఎక్కువమందిది గ్లీసన్ 6, పీఎస్‌ఏ కూడా తక్కువ. బాపుది పీఎస్‌ఏ పదికి పైన, గ్లీసన్ 7, రెండూ మధ్యస్థ ప్రమాదం లెక్కలోకే వస్తాయి. కాబట్టి "ముట్టుకోవద్దు" అనే ఆయన మాట బాపుకు నేరుగా అతకదు. అలాగని "రేపే కోయాలి" అనే ఆయన మాటా అతకదు. ఆపరేషన్, రేడియేషన్ మరణాల లెక్కలో పక్కపక్కనే ఉన్నాయి కదా. అసలు తేడా తర్వాతి బతుకులో ఉంది. ఆపరేషన్ తర్వాత మూత్రం కారడం, అంగస్తంభన దెబ్బతినడం ఎక్కువ. రేడియేషన్‌తో మలద్వారం వైపు ఇబ్బందులు, రక్తం పడటం లాంటివి ఎక్కువ. ఏది భరించగలరన్నది చెప్పాల్సింది బాపే.

చుట్టాల మాటలకూ ఇదే జల్లెడ. "మా తోడల్లుడు కూడా ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకుండు, మూడో రోజే ఇంటికొచ్చిండు, ఇప్పుడు మంచిగున్నడు" అని ఊళ్లో ఒక్కరైనా అంటారు. నూటికి తొంభై సార్లు అది క్యాన్సర్ ఆపరేషనే కాదు. వయసుతో గ్రంథి వాచి మూత్రం ఆగితే దారి చేయడానికి లోపలి నుంచి గీకే టీయూఆర్‌పీ. క్యాన్సర్‌కు చేసేది గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్. రెంటికీ పేరు ఒకటే, పని వేరు, కోలుకునే తీరు వేరు. ఆ తోడల్లుడి డిశ్చార్జి కాగితం ఒకసారి చూస్తే గొడవ తీరిపోతుంది. చూడనివ్వకపోతే ఆ ఉదాహరణ పక్కన పెట్టేయండి.

ఎక్కడ చదవాలి అంటారా. తెలుగులో ఈ జబ్బు మీద దశలవారీగా రాసిన, ఎప్పటికప్పుడు సరిచేసే సమాచారం చాలా తక్కువ, ఒప్పుకోవాల్సిందే. ఇంగ్లిష్ చదవగలిగిన వాళ్లు ఇంట్లో ఒకరుంటే పని అవుతుంది. అమెరికా ప్రభుత్వ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పేజీల్లో రోగులకు ఒకటి, డాక్టర్లకు ఒకటి వేరుగా ఉంటాయి. రోగుల పేజీతో మొదలుపెట్టండి. ఎన్‌సీసీఎన్ అనే సంస్థ రోగుల కోసం పుస్తకాలు ఉచితంగా ఇస్తుంది. ప్రోస్టేట్‌కు తొలి దశది ఒకటి, ముదిరినదానిది ఒకటి. స్కాన్లు వచ్చాక మీకు సరిపోయే దాన్ని మాత్రమే దించుకోండి, రెండోది తెరవనే వద్దు. బ్రిటన్ వాళ్ల క్యాన్సర్ రీసెర్చ్ యూకే, ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే పేజీలు భాష పరంగా తేలిక. మన దేశంలో టాటా మెమోరియల్ ముందుండి 2012లో మొదలుపెట్టిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ మార్గదర్శకాలు ఉన్నాయి. డాక్టర్ల కోసం రాసినవి కాబట్టి గట్టిగానే ఉంటాయి, కానీ ఇక్కడి ఆసుపత్రుల్లో ఏం చేయొచ్చో తెలుస్తుంది.

విదేశీ పేజీలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు, ఎముకలకు పాకిన జబ్బు. మగ హార్మోన్ తగ్గించాలి. దానికి నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ ఉంది, లేదంటే ఒక్కసారి వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, "ఇది పాతకాలం పద్ధతి సార్, అమెరికా సైట్లలో ఎక్కడా లేదు" అన్నాడు. పాతదే. వృషణాలు తీసేస్తే ఈ జబ్బు తగ్గుతుందని ఛార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో చూపించాడు, ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. అక్కడ ఇప్పుడు తక్కువ చేస్తున్నారంటే అది పనిచేయక కాదు. ఆపరేషన్ అయితే ఇంజెక్షన్ తప్పిపోయే భయం లేదు, ఖర్చు ఒక్కసారే. మనసుకు కష్టమైన నిర్ణయమే, అందుకే నేను తొందరపెట్టను. ఆ రైతు మాత్రం కొడుకు వైపు చూసి, "నెలనెలా హన్మకొండకు ఎవడు తీస్కపోతడు, నువ్వా?" అన్నాడు. ఆపరేషన్‌తో పాటు మగ హార్మోన్ తయారీని ఆపే అబిరాటెరోన్ మాత్రలూ ఇచ్చాం. వాటికి జనరిక్‌లు వచ్చాక ధర బాగా దిగింది. బీపీ, పొటాషియం చూసుకుంటూ వాడాలి.

వీడియోకు నేను వేసే పరీక్ష చిన్నదే. మాట్లాడే మనిషి ఎవరు, ఏ దశ గురించి మాట్లాడుతున్నాడు, ఎప్పటిది, చివర్లో ఏం అమ్ముతున్నాడు. దశ చెప్పకుండా "ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇదే మందు" అన్నాడంటే నేనైతే అక్కడే ఆపేస్తాను, ఎంత పెద్ద డాక్టరైనా సరే. పాత వీడియోలతో ఇంకో చిక్కు. మీకు రాసిన పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ వాడకం విస్తరించింది గత కొన్నేళ్లలోనే, అమెరికాలో దానికి అనుమతి వచ్చిందే 2020 చివర్లో. అంతకుముందు వీడియోలో ఎముకల స్కాన్ ఒక్కటే చెప్తే అతను అబద్ధం చెప్పినట్టు కాదు, కాలం మారింది అంతే. ఏఐ చాట్‌బాట్‌లనూ చాలామంది వాడుతున్నారు. రిపోర్టులో మాటలు తెలుగులో విడమరిచి చెప్పించుకోవడానికి పనికొస్తాయి. కానీ అంకెలు మళ్లీ రిపోర్టుతో పోల్చి చూడండి, పేరు, ఫోన్ నంబరు చెరిపేసి పెట్టండి, నిర్ణయం దాన్ని అడగకండి.

లక్ష్మణ ఫలం సంగతి. "కీమో కంటే పదివేల రెట్లు" అనే వాట్సాప్ ముక్క ఏళ్లుగా తిరుగుతోంది. ల్యాబులో గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాలు ఉన్నాయి. మనుషుల్లో క్యాన్సర్ తగ్గించినట్టు నిరూపణ లేదు. ఆ చెట్టులో ఉండే అన్నోనాసిన్ అనే పదార్థం నరాలకు చేటు చేస్తుందన్న అనుమానం మాత్రం గట్టిగానే ఉంది. పండు ఒక ముక్క తింటే ఎవరూ పోరు. ఆకు కషాయం పూటపూటా తాగిస్తామంటే నేను వద్దంటాను. "విటమిన్ బిళ్లలే కదా, ఏం గాదు" అనేవాళ్లకు ఇంకో మాట: 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద చేసిన సెలెక్ట్ అనే పరీక్షలో విటమిన్ ఈ ఒక్కటే వేసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది. మేనమామతో గొడవ పడకండి. ఏం తాగిస్తున్నారో డాక్టరు దగ్గర దాచకండి, అంతే. పసరు మందు తాగుతూ మా ముందు లేదని చెప్పి, లివర్ పరీక్ష చెడిపోయాక బయటపడినవాళ్లు ఉన్నారు.

రెండో అభిప్రాయం తీసుకోండి, అదీ రెండు రకాల డాక్టర్ల దగ్గర. నాలాంటి సర్జన్‌ను అడిగితే మాట ఆపరేషన్ వైపు మొగ్గుతుంది, రేడియేషన్ డాక్టరు మాట అటు మొగ్గుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, ఎవరికి చేయి తిరిగిన పని వాళ్లకు నమ్మకం. అందుకే ఇద్దరినీ కలవాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కేసు చూసే ట్యూమర్ బోర్డు ఉన్న చోటైతే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో ప్రభుత్వానిదైతే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది.

పోయేటప్పుడు ఏం పట్టుకుపోవాలన్నది ఎవరూ చెప్పరు. బయాప్సీ చేసిన ల్యాబును రిపోర్టుతో పాటు స్లైడ్లు, బ్లాకులు కూడా అడగండి. బ్లాకులంటే ముక్కల్ని మైనంలో పోసి పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బీలు, పక్కన నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు రిపోర్టులో ఉన్నదీ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. ఇంకో పెథాలజిస్టు (ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసే డాక్టరు) చూస్తే 3+4 కాస్తా 4+3 కావడం, లేదా తిరగబడటం అరుదేం కాదు. ఎంఆర్‌ఐకి ఫిల్ములు చాలవు, సీడీ అడగండి. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫిల్ము ఫొటోలు నాకు వాట్సాప్‌లో వస్తుంటాయి. అందులో కనిపించేది ట్యూబ్‌లైటే. బండ్లో సీడీని, బ్లాకుల్ని డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టకండి, మైనం కరుగుతుంది.

ఖర్చు గురించి వచ్చే సమాచారంలో పుకార్లు ఇంకా ఎక్కువ. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. కానీ ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్స, ఏ మందు కిందికి వస్తుందన్నది నెట్‌లో చూసి నమ్మకండి. ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. మధ్యలో "నేను చేయిస్తా" అని వచ్చే మనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి. బాపు సింగరేణి రిటైరీ అయితే ముందు ఆ వైద్య విభాగాన్ని కలవండి, వాళ్ల రిఫరల్ దారి వేరు.

చివరగా, మీరు ఒక లైనులో రాసి వదిలేసిన విషయం: బాపుకు ఇంకా క్యాన్సర్ అని చెప్పలేదని. ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లో ఇదే. గదిలోకి వస్తూనే కొడుకు వెనకనుంచి నాకు కళ్లతో సైగ చేస్తాడు, "చెప్పొద్దు సారూ, తట్టుకోడు". పెద్దాయన మాత్రం బయట బోర్డు చదివే వచ్చి ఉంటాడు. నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: చెప్పండి. రేడియేషన్ అయితే నాలుగు వారాలో, కొన్ని చోట్ల అయిదు దఫాలతోనో అయిపోతుంది, హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండాల్సి రావచ్చు. ఆపరేషన్ అయితే కొన్నాళ్లు ప్యాడ్ పెట్టుకుని తిరగాల్సి రావచ్చు. ఇందులో ఏది ఒప్పుకోవాలో జబ్బు పేరే తెలియని మనిషి ఎలా చెప్తాడు? మీకు నోరు రాకపోతే డాక్టరును చెప్పమనండి, అది మా పనే. మీరు పక్కన కూర్చోండి చాలు.

ఈలోగా నెట్‌లో వెతుక్కుంటూ కూర్చోకూడనివి మూడున్నాయి. బయాప్సీ తర్వాత చలిజ్వరం. మూత్రం పూర్తిగా ఆగిపోవడం. నడుంనొప్పి పెరుగుతూ కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పడం. మూడోది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు, గంటల్లో చికిత్స మొదలవకపోతే కాళ్లు పోతాయి. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. స్కాన్లు వచ్చాక పేరు చెరిపేసి రిపోర్టు వివరాలు ఇక్కడే రాయండి, ఇద్దరు డాక్టర్లను ఏమేం అడగాలో చెప్తాను.